మా మేనత్త రుచి చూసిన మాత్ర

మా ముత్తాతగారు విషప్రయోగం వల్ల పోయారు. మా ఇంట్లో ఇది కొంచెం గర్వంగానే చెప్పుకునే విషయం. ఊరూ పేరూ లేనివాడికి పనిగట్టుకుని ఎవరూ విషం పెట్టరు కదా. దాయాదులు తాంబూలంలో కలిపి ఇచ్చారని అంటారు. ఆయన నిజంగా ఆ తాంబూలం వల్లే పోయారో, ఆ పూట పెళ్ళిలో తిన్న పనసతొనలు అరక్క పోయారో తేల్చగల సాక్షులెవరూ ఇప్పుడు లేరు. ఏదైతేనేం, ఆ మర్నాటినుంచీ మా ఇంట్లో ఒక నియమం పుట్టింది. ఇంటి యజమాని నోట్లోకి వెళ్ళే ప్రతి వస్తువునీ ముందు ఇంటి మనిషి ఒకరు రుచి చూడాలి. రుచి అంటే వేలితో అంటి నాలిక్కి రాసుకోవడం కాదు. మింగాలి. మింగి కాసేపు ఆగాలి. ఆ మనిషి ఇంకా నిలబడే ఉంటే అప్పుడు యజమాని భోజనానికి కూర్చుంటాడు.

ముత్తాతగారి రోజుల్లో ఆనందపురం అవతల మాకు పొలాలూ తోటలూ చెరువులూ ఉండేవి. తాతగారు వాటిలో సగం కోర్టులో పోగొట్టారు, మిగతా సగం కోర్టుకి వెళ్ళొచ్చే ఖర్చులకి పోయింది. నాన్నగారి చేతికి వచ్చేసరికి తుప్పు పట్టిన రెండు కత్తులూ, తాంబూలం ఉమ్మడానికి వాడే ఒక వెండి తమ్మపడిగా, ఈ రుచి చూసే నియమమూ మిగిలాయి. తమ్మపడిగ కూడా నా పెళ్ళి ఖర్చుల్లో కలిసిపోయింది. నేను విశాఖపట్నం పోర్టులో గుమస్తాగా చేరి వన్ టౌన్‌లో రెండు గదుల వాటా అద్దెకి తీసుకున్నాను. పక్కన హార్బరు. గాలి మళ్ళినప్పుడల్లా ఇనప ఖనిజం దుమ్ము వచ్చి ఆరేసిన పంచెల మీద ఎర్రగా వాలేది. అలాంటి ఇంట్లో, అద్దె గోడకి వేలాడుతున్న రెండు కత్తుల కింద, నాన్నగారు పీట మీద నిటారుగా కూర్చుంటే, మా మేనత్త ఆయన కంచంలోంచి మొదటి ముద్ద తీసుకుని మింగి, తలుపు పక్కన నిలబడి, దూరంగా ఎవరో పిలుస్తున్నట్టు చెవి ఒగ్గి ఆగేది. కాసేపటికి తల ఊపేది. అప్పుడు నాన్నగారు తినేవారు.

నాన్నగారికి ఆ రోజుల్లో విషం పెట్టడం ఎవరికీ గిట్టుబాటు కాదని నాకు తెలుసు. దాయాదులు కూడా మాలాగే చితికిపోయి ఉన్నారు, విషం కొనాలంటే వాళ్ళు అప్పు చెయ్యాలి. అయినా నేను ఆ నియమాన్ని ఎప్పుడూ వెక్కిరించలేదు. ఇప్పటికీ వెక్కిరించను. భూమి పోయిన ఇంట్లో నియమం కూడా పోతే ఇక ఆ ఇంటికి వారసుణ్ణని చెప్పుకోవడానికి నాకేం మిగుల్తుంది?

మేనత్త నాన్నగారికి అక్క. నాన్నగారు ఆవిణ్ణి ‘అప్పా’ అనేవారు. చిన్నతనంలోనే భర్త పోతే పుట్టింటికి వచ్చేసి, వాళ్ళమ్మ తరవాత ఈ రుచి చూసే ఉద్యోగాన్ని స్వీకరించింది. మా అమ్మ బతికున్నప్పుడు కూడా ఆ పని ఇంకొకరికి ఇవ్వలేదు. కాఫీ అయినా, మజ్జిగైనా, ఎవరి పెళ్ళిలోనైనా లడ్డూ అయినా ముందు ఆవిడే. ఒకసారి బీచిలో నాన్నగారు ముచ్చటపడి ఐస్‌ఫ్రూట్ కొన్నారు. మేనత్త కొరికి, మింగి, ఆగి, తల ఊపేలోపల నాన్నగారి చేతిలో పుల్ల మిగిలింది. ఆయన ఆ పుల్లనే కాసేపు హుందాగా పట్టుకుని నిలబడ్డారు.

పందొమ్మిది వందల ఎనభైల మొదట్లో నాన్నగారికి కాళ్ళు వాచాయి. రెండు మెట్లు ఎక్కితే ఆయాసం. వెల్లకిలా పడుకుంటే ఊపిరందేది కాదు, తలగడలు పేర్చుకుని ఆనుకుని పడుకునేవారు. ఆసుపత్రికి తీసుకెళ్తే అక్కడి డాక్టరు చూసి, గుండె బలహీనపడిందనీ, రక్తాన్ని పూర్తిగా తోడలేకపోతోందనీ, ఆ నీరే కాళ్ళలోకి దిగుతోందనీ చెప్పాడు. ఆయనది కృష్ణా జిల్లా. మనిషి మంచివాడు, కానీ కోపిష్టి. రెండు రకాల మందులు రాశాడు. ఒకటి నీరు తీసే మాత్ర. రెండోది గుండెకి బలం ఇచ్చే చిన్న తెల్ల మాత్ర, రోజుకి ఒకటి.

“ఈ చిన్న మాత్ర జాగ్రత్త. మంచి చేసే మోతాదుకీ చెడు చేసే మోతాదుకీ మధ్య దూరం చాలా తక్కువ. రోజూ వేసే ముందు నాడి లెక్కపెట్టండి. నిమిషానికి అరవైకి తగ్గితే ఆ పూట మాత్ర వెయ్యకుండా నా దగ్గరికి రండి. వాంతులైనా, అన్నం సయించకపోయినా, కళ్ళకి పచ్చగా కనిపించినా అంతే. ఉప్పు తగ్గించండి. అరటిపండు పెట్టండి. మాత్ర మర్చిపోతే మర్నాడు రెండు వెయ్యకండి. అర్థమైందా?” అన్నాడు.

“మా ఇంట్లో ఏ పనైనా పద్ధతిగానే జరుగుతుందండీ,” అన్నాను.

ఆయన నా మొహం వంక ఒకసారి, చొక్కా కాలరు వంక ఒకసారి చూసి, “పద్ధతి సంగతి నాకు తెలీదు, మాత్ర సంగతి చూడండి,” అన్నాడు.

నాడి లెక్కపెట్టడం దగ్గర ఒక చిక్కు వచ్చింది. నేను చెయ్యి పట్టుకోబోతే నాన్నగారు విదిలించుకున్నారు. “కొడుకు తండ్రి నాడి సూసేది ఒక్కరోజేరా. ఆ రోజు వచ్చినపుడు సూద్దువుగాని,” అన్నారు. నా భార్య ముట్టుకునే ప్రశ్నే లేదు, కోడలు మావగారి ఎదురుగా నిలబడి మాట్లాడే ఆచారమే లేదు మాకు. కనక ఆ పని కూడా మేనత్తదే అయింది. పొద్దున్నే ఆవిడ తమ్ముడి చెయ్యి పట్టుకుని పెదాలు కదుపుతూ లెక్కపెట్టేది, నేను గుమ్మంలో నిలబడి గడియారం చూసి ‘ఊఁ’ అనేవాణ్ణి. లెక్క సరిపోతే మేనత్త వంటింట్లోకి వెళ్ళి మాత్రలు తెచ్చి ఇచ్చేది. వంటింట్లో ఏం జరిగేదో నేను చూడలేదు. మగవాళ్ళం వంటింట్లోకి వెళ్ళేవాళ్ళం కాదు.

కొన్ని వారాలు గడిచినా కాళ్ళ వాపు తగ్గలేదు. అదే సమయంలో ఇంట్లో ఇంకో వింత మొదలైంది. మా నాలుగు వాటాలకీ పెరట్లో ఒకటే మరుగుదొడ్డి. నీరు తీసే మాత్ర వేసుకున్నాక నాన్నగారు అటూ ఇటూ తిరగడం సహజమే. ఆయన వెనకే మేనత్త కూడా చెంబు పట్టుకుని తిరగడం మొదలుపెట్టింది. పక్క వాటాలో క్రేను డ్రైవరు భార్య ఉండేది, నోరు కొంచెం పెద్దది. ఓ రోజు పెరట్లో నిలబడి, “ఏటమ్మా, అప్పా తమ్ముడూ పందెం ఎట్టుకున్నారేటి? మాకు ఒక్క సందైనా ఇవ్వరేటి?” అని అరిచింది. మేనత్త చెంబు తీసుకుని లోపలికి వచ్చేసింది. మా ఇంటివాళ్ళు పెరట్లో ఎవరితోనూ వాదించరు.

ఆవిడకి తిండి కూడా సయించడం మానేసింది. మనిషి చిక్కిపోయింది. ముద్ద నోట్లో పెట్టుకుంటే కడుపులో తిప్పుతోందనేది.

“ఒరే, ఈ ఇంటి తిండిలో ఏదో కలుత్తంది,” అంది నాతో ఒకరోజు, మెల్లిగా. “ఇన్నేళ్ళ నుండి రుచి సూత్తన్నాను, నాకు తెల్దేటి? నీ పెళ్ళాన్ని ఓ కంట కనిపెట్టు.”

నా భార్య ఇది విని, “అయితే రేపట్నుంచి ఆవిణ్ణే వండుకోమనండి,” అంది. దువ్వాడ వైపు పిల్ల, మాట పడదు. నేను ఇద్దరికీ సర్ది చెప్పి, మేనత్తకి జీలకర్ర కషాయం పెట్టించాను. మూడు తరాల్లో మొదటిసారి రుచి చూసే మనిషి నిజంగానే విషాన్ని కనిపెట్టిందనీ, ఆవిణ్ణి ఎవరూ నమ్మలేదనీ అప్పుడు మాకు తెలీదు.

మళ్ళీ డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఆయన కాలి వాపు వేలితో నొక్కి చూశాడు. “మాత్ర రోజూ వేస్తున్నారా?” అన్నాడు.

“ఒక్క పూట తప్పలేదండీ.”

“మొత్తం వేస్తున్నారా?”

ఆ ప్రశ్న నాకు అవమానంగా తోచింది. మాత్రలు కొనలేక సగం సగం వాడే ఇంటివాళ్ళలాగా కనిపిస్తున్నామా అనుకున్నాను. “మొత్తమే,” అన్నాను కొంచెం గట్టిగా.

ఆయన కాసేపు ఆలోచించి, చిన్న మాత్ర పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి చేశాడు. ఈ మోతాదు ఎక్కువే, నాడి మరీ జాగ్రత్తగా చూసుకోమని రెండుసార్లు చెప్పాడు. ఆ మార్పుతో నాన్నగారు తేరుకున్నారు. వాపు తీసింది, తలగడలు తగ్గాయి, హార్బరు గోడదాకా నడిచి ఓడల్ని చూసి విమర్శించి రావడం మొదలుపెట్టారు. మేనత్త మాత్రం ఇంకా చిక్కింది.

ఆ స్థితిలో భీమిలి నుంచి కబురొచ్చింది. మేనత్త మరిది మనవరాలికి సీమంతం, పెద్దదిక్కుగా ఆవిడ రావాలని. ఆవిడ చాలా తటపటాయించింది. చివరికి వెళ్ళే ముందు నా భార్యని పిలిచి మందుల సీసాలు అప్పగించింది.

“పొద్దున ఇది ఒకటి, అది ఒకటి. సాయంత్రం ఇది ఒకటి. రుచి సూసి ఇయ్యి.”

“మాత్రకి రుచేటండీ?”

“నాను ఎలా సేత్తన్నానో అలాగే సెయ్యి. ఎదురు ప్రశ్నలెయ్యకు,” అని మేనత్త బస్సెక్కింది.

నా భార్య డాక్టరు చెప్పింది చెప్పినట్టు చేసింది. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, పళ్ళెంలో నీళ్ళ గ్లాసు పక్కన పెట్టి తలుపు చాటున నిలబడేది. నాన్నగారు అది ఎలాగూ రుచి చూసినదే అనుకుని దాని వంక చూడకుండానే మింగేవారు. నాడి చూసేవాళ్ళు లేరు, నన్ను ఆయన దగ్గరికి రానివ్వలేదు. రెండ్రోజుల్లో వస్తానన్న మేనత్త వారం దాటినా రాలేదు. భీమిలిలో ఆవిడకి ఆకలి వేసింది. సముద్రపు గాలి పడిందని మురిసిపోతూ, నెలల తరబడి తినని తిండంతా అక్కడే ఉండి తినేసింది.

ఇక్కడ నాన్నగారు అన్నం వద్దన్నారు. ముసలితనం అనుకున్నాం. మర్నాడు కాఫీ తాగిన వెంటనే వాంతి చేసుకున్నారు. ఆ పైన పాలగ్లాసు వంక చూసి, “పాలల్లో పసుపు ఎందుకు కలిపార్రా?” అన్నారు. పాలు తెల్లగానే ఉన్నాయి. గోడ వంక చూశారు. “సున్నం ఎవరేయించారు? ఈ పచ్చరంగు ఏటి?” అన్నారు. ఆయన మంచం మీద కూడా నిటారుగానే కూర్చున్నారు, కానీ తల నిలవడం లేదు.

డాక్టరు మాట నాకు అప్పుడు గుర్తొచ్చింది. అడక్కుండా చెయ్యి పట్టుకున్నాను. నాడి నాలుగు కొట్టి ఆగుతోంది, ఆలోచించుకుని మళ్ళీ కొడుతోంది. నిమిషానికి నలభై దాటలేదు.

“అప్పుడే పట్టేసుకున్నావేట్రా?” అన్నారు నాన్నగారు.

“ఆ రోజు కాదు, నాన్నగారూ. ఇది మామూలు రోజే.”

నా భార్య అప్పటికే పళ్ళెంలో మాత్ర పెట్టుకొచ్చింది. వద్దని తీయించేసి, సీసాలు రెండూ జేబులో వేసుకుని రిక్షా పిలిచాను. రిక్షా తొక్కేవాడు ఆయన్ని చూసి కంగారుపడి, “బాబుగారూ, ఎనక్కి ఆనుకోండి, పడిపోతారు,” అన్నాడు.

“మా ఇంట్లో ఎవరం ఆనుకోం,” అన్నారు నాన్నగారు. అని, నా భుజం మీదికి ఒరిగిపోయారు.

ఆసుపత్రిలో గుండెకి ఇసిజి తీశారు. డాక్టరు ఆ కాగితాన్ని చూసి మొహం గంటు పెట్టుకున్నాడు. మాత్ర ఒంట్లో ఎక్కువైపోయిందనీ, గుండె ఎప్పుడైనా లయ తప్పవచ్చనీ, రెండు మూడు రోజులు గడిస్తే కానీ ఏమీ చెప్పలేననీ అన్నాడు. మంచం పక్కనే నర్సుని కూర్చోబెట్టాడు. తరవాత నా వైపు తిరిగాడు.

“ఈ వారంలో ఏం మారింది?”

“ఏమీ మారలేదండీ.”

“నాతో గౌరవంగా అబద్ధాలు చెప్పకండి. ఇవే మాత్రలు, ఇదే మోతాదు, ఇన్నాళ్ళూ బాగున్నాడు. ఇప్పుడు విషం ఎక్కినవాడిలా ఉన్నాడు. ఏదో మారింది.”

“మార్పు మా ఇంటికి అలవాటు లేదండీ,” అన్నాను. నిజమే చెప్పానని నా నమ్మకం.

మధ్యాహ్నానికి మేనత్త ఊడిపడింది. బస్సు దిగి ఇంటికి వెళ్తే క్రేను డ్రైవరు భార్య సంగతి చెప్పిందట, అటునుంచి అటే వచ్చేసింది. బుగ్గలు నిండాయి, చంకలో ఎండుచేపల బుట్ట. వార్డులో తమ్ముణ్ణి చూసి బుట్ట కింద పడేసి నా భార్య మీదికి లేచింది.

“రుచి సూసేవా నువ్వు? సూసేవా అని అడుగుతన్నాను!”

“లేదు. ఆయన మాత్ర నానెందుకు మింగుతానండీ? డాక్టరుగారు ఏం సెప్పారో అదే ఇచ్చేను. మాత్ర మొత్తం ఇచ్చేను.”

“మొత్తమా!” అని మేనత్త గుండె మీద చెయ్యేసుకుంది.

డాక్టరు రెండు మంచాల అవతల ఇంకో రోగిని చూస్తున్నవాడల్లా ఇటు నడిచి వచ్చాడు. “ఏమిటమ్మా అది? మొత్తమా అంటే ఏమిటి? మీరెంత ఇచ్చేవారు?”

మేనత్త తల ఎత్తింది. పరాయి మగవాడితో ఆవిడ మాట్లాడటం నేను అదే మొదటిసారి చూడటం. “సగం. అడకత్తెరతో రెండు సేసి ముందు నాను సగం మింగుతాను. కాసేపు సూత్తాను. నాకేం కాకపోతే మా తమ్ముడికి సగం ఇత్తాను. మా ఇంట్లో ఎప్పటినుండో అదే ఆచారం.”

“రెండు రకాల మాత్రలూనా?”

“ఏదైనా అంతే.”

డాక్టరు మొహంలో కోపం వస్తోందో నవ్వు వస్తోందో ఆయనకే తెలిసినట్టు లేదు. చివరికి స్టూలు లాక్కుని కూర్చుని, చేతివేళ్ళ మీద మాకు విడమరిచాడు. మొదట రోజుకి ఒకటి రాస్తే నాన్నగారికి అందింది సగమే. అందుకే వాపు తీయలేదు. ఆ సంగతి తెలియక ఆయన రెండు చేశాడు, అప్పుడు అందింది ఒకటి, అదే సరైన మోతాదు. మేనత్త భీమిలి వెళ్ళగానే అది నిజంగా రెండైంది. పైగా నీరు తీసే మాత్ర కూడా మొత్తం పడింది, అది ఒంట్లోని లవణాల్ని లాగేస్తే ఈ చిన్న మాత్ర మరింత విషమవుతుంది.

“ఆ అమ్మాయి నేను చెప్పింది చెప్పినట్టు చేసింది. ఇంటిల్లిపాదిలోనూ నా మాట విన్నది ఆవిడొక్కతే. అందుకే ఈయన ఈ మంచం మీద ఉన్నాడు,” అన్నాడు. ఆ తరవాత మేనత్త చెయ్యి పట్టుకుని, ఆవిడ వద్దనే లోపలే నాడి చూశాడు. “మీకు తిండి సయించకపోవడం, వాంతి వచ్చినట్టుండడం ఎన్నాళ్ళనుంచి?”

“సానా రోజులయింది. ఈ ఇంటి తిండిలో ఏదో ఉందని సెబుతునే ఉన్నాను.”

“ఉందమ్మా. మీరు రోజుకి ఒకటి చొప్పున మింగారు. మీ గుండె మొండిది కనక నిలబడ్డారు.”

మేనత్త నా భార్య వైపు తిరిగి విజయం సాధించినట్టు చూసింది. నా భార్య కూడా అలాగే చూసింది. ఇద్దరూ గెలిచారు. నేనొక్కణ్ణే స్టూలు కోసం వెతుక్కున్నాను.

నాన్నగారు గట్టెక్కారు. మాత్ర ఆపేశారు, పొటాషియం ఎక్కించారు, నాడి మెల్లిగా పైకొచ్చింది. గోడలు తెల్లబడ్డాయని ఆయనే చెప్పారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు చిన్న మాత్ర రోజుకి ఒకటే రాసి, నన్నూ నా భార్యనీ మేనత్తనీ వరసగా నిలబెట్టి, “ఒకరి మాత్ర ఇంకొకరు మింగకూడదు. రుచికి కూడా. ఏం మింగారో, ఎంత మింగారో నాకు ఉన్నదున్నట్టు చెప్పాలి. పరువు తక్కువని దాస్తే నేను రాసే మోతాదు గాలిలో రాసినట్టే,” అన్నాడు. నేను తల ఊపాను. తల ఊపడం మా ఇంట్లో మేనత్త పని, అయినా ఊపాను.

అసలు గొడవ ఇంటికొచ్చాక మొదలైంది. మర్నాటి పొద్దున మేనత్త నాడి లెక్కపెట్టి, పళ్ళెంలో గుండ్రని మాత్ర తెచ్చిపెట్టింది. నాన్నగారు దాన్ని చూశారు.

“ఇది విరగలేదు.”

“ఇరక్కొట్టొద్దన్నాడు డాక్టరు,” అంది మేనత్త.

“రుచి సూడకుండా ఇచ్చిన మాత్ర ఒక్క వారం తిన్నాను, సావుదాకా ఎల్లొచ్చేను. నువ్వు సూసి ఇచ్చినన్నాళ్ళూ నాకేటీ అవలేదు. ఇంక వేరే రుజువు కావాలేటి?”

దానికి ఎదురు చెప్పడం ఎంత కష్టమో అక్కడ ఉన్నవాళ్ళకే తెలుసు. డాక్టరు చెప్పిన లెక్కంతా నేను వివరించాను, సగాలూ మొత్తాలూ. ఆయన ఓపిగ్గా విని, “మీ ముత్తాత కూడా ఇలాగే తాంబూలం ఒకటే కదా అనుకున్నాడు,” అన్నారు. మాత్ర వేసుకోలేదు. మర్నాడూ వేసుకోలేదు. ఆ వారంలోనే కాళ్ళు మళ్ళీ ఉబ్బాయి. తలగడ మీద తలగడ చేరింది. మాట మధ్యలో ఊపిరి కోసం ఆగవలసి వచ్చేది, ఆగినప్పుడు మాత్రం తాను కావాలనే ఆగినట్టు మొహం పెట్టేవారు. మూడు తరాల వెనక పోయిన మనిషి కోసం ఈయన ఇప్పుడు పోతారని నాకు తోచింది. నియమం మీద నాకు గౌరవం ఉన్నా, తండ్రి మీద ఇంకొంచెం ఎక్కువ ఉంది.

దారి చెప్పింది నా భార్యే. “రోజుకి ఒకటేగా. పొద్దున సగం, సాయంత్రం సగం ఇత్తే? ఆయనకి రెండు పూటలా ఇరిగిన ముక్కే కనబడతది. రెండో సగం పెద్దత్తగారు మింగేరనుకుంటారు.”

సొంతంగా ఏదీ చెయ్యకూడదని అప్పటికి బుద్ధి వచ్చింది కనక ఆసుపత్రికి వెళ్ళి డాక్టర్ని అడిగాను. ఆయన తల పట్టుకుని, “మొత్తం మీద చిన్న మాత్ర రోజుకి ఒకటి లోపలికి వెళ్తే చాలు, నీరు తీసేది ఇదివరకట్లా సగం చాలు. ముక్కలు సమానంగా ఉండాలి, పొడి రాలకూడదు. మిగిలిన సగం ఎవరి నోట్లోకీ పోకూడదు, సీసాలోకి పోవాలి. ఆవిడ చేత ఒట్టు వేయించుకోండి,” అన్నాడు.

మేనత్త ఒప్పుకోలేదు. “సూడకుండా సూసేనని సెప్పాలా? నా తమ్ముడికి? మా అమ్మ ఒక్క పూట అబద్ధమాడలేదు ఈ విషయంలో. నాను ఆడతానా?” అని వంటింటి గుమ్మంలో కూర్చుండిపోయింది. ముందుగదిలోంచి నాన్నగారి ఊపిరి వినిపిస్తోంది, గొంతులో నీళ్ళున్నట్టు. ఆవిడ వింటోంది. ఊపిరి ఒకసారి మధ్యలో ఆగి మళ్ళీ మొదలైంది. మేనత్త లేచి చిలక్కొయ్యకి తగిలించిన అడకత్తెర తీసింది.

ఆవిడకి నటన రాదు. సగం మాత్ర పళ్ళెంలో పెట్టుకుని, పెదాలు బిగించి, ఏదో పెద్ద వస్తువు మింగినట్టు మెడ సాగదీసి వచ్చింది. నిజంగా మింగిన రోజుల్లో ఎప్పుడూ అలా చెయ్యలేదు. చెయ్యి పట్టుకుని నాడి లెక్కపెట్టింది, నేను గుమ్మంలోంచి ‘ఊఁ’ అన్నాను.

“సూసేవా అప్పా?” అన్నారు నాన్నగారు.

“సూసేను,” అంది గోడ మీది కత్తుల వంక చూస్తూ.

ఆయన మింగారు. నెల తిరిగేసరికి కాళ్ళు మామూలయ్యాయి. ఆసుపత్రిలో చూపిస్తే డాక్టరు నాడి, కాళ్ళు, కళ్ళ కింద చూసి, మొదటిసారిగా నా కాలరు వంక చూడకుండా, బాగుందన్నాడు. ఇంట్లో ఇంకో మనిషి కూడా బాగుపడింది. మేనత్త పూటకి రెండోసారి అన్నం పెట్టించుకోవడం మొదలుపెట్టింది. కూర బాగుందని నా భార్యతో నోరు తెరిచి చెప్పింది. పెరట్లో క్రేను డ్రైవరు భార్యకి మరుగుదొడ్డి దొరకసాగింది.

ఒకరోజు మధ్యాహ్నం నాన్నగారు భోజనం చేసి మంచం మీద కూర్చుని, వంటింటి గుమ్మం దగ్గర తింటున్న అక్కని చాలాసేపు చూశారు. ఆవిడ మూడోసారి అన్నం కలుపుకుంటోంది. సాయంత్రం ఆవిడ మెడ సాగదీసుకుంటూ పళ్ళెం తెచ్చేసరికి, ఆయన సగం మాత్ర వేలి మీద పెట్టుకుని, విరిగిన అంచుని వెలుతుర్లోకి తిప్పి చూశారు.

“ఈ మాత్ర తింటే అన్నం సయించదన్నాడు కదా డాక్టరు,” అన్నారు.

మేనత్త గోడ మీది కత్తుల వంక చూసింది. నేను గుమ్మంలో గడియారం పట్టుకుని అలాగే ఉండిపోయాను. ఆ ఒక్క మాటతో అంతా పోయిందనుకున్నాను, మాత్ర, వాపు తగ్గిన కాళ్ళు, ఆయన.

నాన్నగారు మాత్ర నాలిక మీద వేసుకున్నారు. నీళ్ళు తాగి మొహం చిట్లించారు.

“సేదుగా ఉందే. నీ ముక్క కూడా సేదుగానే ఉందేటి, అప్పా?”

“మరేటి,” అంది మేనత్త. “సేదే.”